నల్లకన్ను రాయి కోసం

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అయిదారు రోజులు తిరిగి వస్తానని చెప్పినప్పుడు మా ప్రయోగశాలలో అందరూ ఇంచుమించు ఒకే మాట అన్నారు: అక్కడ ఏముంది, రాళ్లు తప్ప. నేను వెళ్లింది ఆ రాళ్ల కోసమే. ఆ దారిలో బస్సులు తిరుగుతూనే ఉన్నా, పని లేనివాళ్లెవరూ అటువైపు దిగరు. అందుకని చూసింది చూసినట్టు రాసి పెడుతున్నాను.

మాది గోదావరి డెల్టా. మా ఊళ్లో నేల తవ్వితే మట్టి, ఇంకా తవ్వితే ఇంకా మట్టి, ఆ కింద నీళ్లు. మా అమ్మ పచ్చడి నూరే రోలు పడవ మీద వచ్చింది. కుక్కను అదిలించాలన్నా చేతికి మట్టిగడ్డే దొరుకుతుంది. అలాంటి ఊరి పిల్లనైన నేను హైదరాబాదు వచ్చి, భౌతికశాస్త్రం చదివి, చివరికి రాళ్ల పాలబడ్డాను.

నా పరిశోధన సిరామిక్కుల మీద. సిరామిక్ అంటే పింగాణీ కప్పు ఒక్కటే కాదు. పొడి చేసి, అచ్చు పోసి, గట్టిపడేదాకా కాల్చిన ఏ పదార్థమైనా ఆ కుటుంబంలోదే. అణుశక్తితో విద్యుత్తు తీసే రోజులు వస్తున్నాయి. ఆ కొలిమిలో ఇనుము ఆగలేని చోట ఇలాంటి పదార్థాలే ఆగాలి. రేడియేషన్ తగిలినప్పుడు వాటి లోపలి పరమాణువులు ఉన్నచోట ఉంటాయా, కదిలిపోతాయా అన్నది నా ప్రశ్న. ప్రయోగశాలలో మేము ఒక ముక్కకు రేడియేషన్ తగిలించగలిగేది కొద్దివారాలు. భూమి ఆ పనిని కోట్ల ఏళ్లుగా చేస్తోంది. గ్రానైటు రాతిలో అక్కడక్కడా, రేడియేషన్ వెలువరించే థోరియం ఉన్న చిన్న గింజ చిక్కుకుని ఉంటుంది. అది తన చుట్టూ ఉన్న రాతిని అన్ని కోట్ల ఏళ్లూ లోపలినుంచి కొడుతూనే ఉంటుంది. అలాంటి గింజ, చుట్టూ ఉన్న రాతితో సహా, పగలకుండా ఒక్కటి దొరికితే మా వారాల లెక్కను భూమి లెక్కతో పోల్చి చూడవచ్చు. దేవరకొండ నుంచి నందికొండ పోయే దారిలో ఒక క్వారీలో అలాంటివి ఉన్నాయని భూగర్భశాస్త్రం చదివిన స్నేహితురాలు చెప్పింది.

ఆడపిల్లను ఒంటరిగా పంపడానికి మా ఆచార్యులవారికి మనసొప్పలేదు. ప్రయోగశాల అటెండరు ఖాజామియాను తోడిచ్చారు. యాభై దాటిన మనిషి. గైగర్ కౌంటర్ పెట్టెను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. రేడియేషన్ తగిలినప్పుడల్లా టక్కుమనే పెట్టె అది. ఈ కథలో సగం గొడవ దానివల్లే వచ్చింది.

మహబూబ్‌నగర్: తెల్లరాళ్లు ఏరేవాళ్లు

మొదటిరోజు మహబూబ్‌నగర్‌లో దిగాము. ఊరికి కొంతదూరంలో పింగాణీ కార్ఖానాలకు పంపే తెల్లరాయి తవ్వుతారు. అది ఎలా ఉంటుందో చూసి, రెండు ముక్కలు తీసుకుందామని వెళ్లాను. గుంతల పక్కన తాటాకు పందిరి కింద పదిమంది ఆడవాళ్లు కూర్చుని, సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేస్తూ రాళ్లు వేరు చేస్తున్నారు. మచ్చలేనిది ఒక కుప్ప, ఎర్రజీర ఉన్నది ఒక కుప్ప, పలుగురాయి మరొక కుప్ప. చూపు పడీపడగానే చెయ్యి నిర్ణయించేస్తోంది. మేము ప్రయోగశాలలో పూటంతా కూర్చుని చేసే పని అది.

అందరిలోకి పెద్దావిడను అందరూ అవ్వ అనే పిలుస్తున్నారు. నన్ను చూడగానే ఆమె అడిగిన మొదటి ప్రశ్న తిన్నవా అని. మా వైపు కొత్తమనిషిని మొదట ఎవరి అమ్మాయివి అని అడుగుతారు. ఇక్కడ ఆ ఆరా తిండి అయ్యాకే. సర్వపిండి తుంచి చేతిలో పెట్టింది. గిన్నె అడుగున అంటించి కాల్చిన బియ్యప్పిండి రొట్టె. పల్లీలు, ఎల్లిపాయ, కారం. వేడి తగ్గినా కరకరలాడుతూనే ఉంది. నేను మూడు ముక్కలు తిన్నాను.

అవ్వ పక్కన పొగచూరినట్టు నల్లబడిన పలుగురాళ్లు కొన్ని విడిగా ఉన్నాయి. నా కన్ను వాటి మీద పడింది. పలుగురాయికి ఆ పొగరంగు రేడియేషన్ వల్ల వస్తుంది. ఆ సంగతి మాకు పుస్తకాలు చెప్పాయి. వీటిని పారేస్తారా అని అడిగాను. ఆమె తల అడ్డంగా తిప్పింది.

"గివి పొయ్యిల బూడిద కింద పెడ్త. పొద్దుగూకేసరికి తెల్లగైతయి," అంది. "జర నిమ్మలంగ కాల్చాలె. తొందర పెడితె పగుల్తయి."

దెబ్బతిన్న స్ఫటికానికి మెల్లగా వేడి పెడితే, స్థానం తప్పిన పరమాణువులు కొన్ని తిరిగి సర్దుకుంటాయి, రంగు పోతుంది. ఆ వేడి ఎంత వేగంగా పెంచాలో తెలుసుకోవడానికి నేను పోయిన ఏడాది ఆరు ముక్కలు పగలగొట్టుకున్నాను. ఈ సంగతి ఎవరు చెప్పారని అడిగితే, ఎవరు చెప్తారు, కూలి తగ్గుతుందని చూసి చూసి తెలుసుకున్నానంది. నల్లముక్క కుప్పలో కనబడితే మేస్త్రి ఆ తట్ట లెక్కకు తీసుకోడట.

కల్వకుర్తి దాటాక బస్సు

రెండోరోజు ప్రయాణమంతా బస్సులోనే సరిపోయింది. సీతాఫలాల రోజులు. ప్రతి స్టేజీలోనూ గంపలు ఎక్కుతున్నాయి. నిండుగంప అర్ధరూపాయికి ఇస్తామంటే నేను నమ్మలేదు. ఛాయ్ ఒక అణా. కొత్త పైసలు వచ్చి కొన్నేళ్లయినా ఇక్కడ అందరి నోటా అణాలే. రోడ్డుకు రెండువైపులా ఆముదం, జొన్న, మధ్యమధ్య ఏనుగులు పడుకున్నట్టు బండలు. చేలకు కంచె కూడా నిలువుగా పాతిన రాతి కడీలే. మా ఊళ్లో అలాంటి ఒక్క కడీ దొరికితే దాన్ని ఇంటి ముందు అరుగుగా వేయించుకుంటారు.

మనుషులు ఎక్కువైపోయి కౌంటర్ పెట్టెను బస్సు పైకి ఎక్కించక తప్పలేదు. డిండి ప్రాజెక్టు దగ్గర బస్సు ఆగితే నీళ్లు చూద్దామని దిగినప్పుడు ఖాజామియా పైకి చూసి ముఖం వేలాడేశాడు. పండిన సీతాఫలాల గంప ఒరిగి రసమంతా పెట్టె మీద కారింది. చీమలు అప్పటికే బారులు తీరాయి.

ఆ దిగులులోనే బస్సు మళ్లీ బయలుదేరింది. కాలు కదపడానికి చోటులేదు. రాళ్లలో మీరు వెతికేదేమిటమ్మా అని ఖాజామియా అప్పుడు అడిగాడు. మూడేళ్లుగా నా సామాను మోస్తున్నాడు, ఎన్నడూ అడగలేదు. ఈ బస్సునే చూడమన్నాను. నిండా మనుషులు ఇరుక్కుని ఉంటే వెనకవాడు ముందుకు రాలేడు. ఎవరైనా దిగితే ఆ ఖాళీలోకి పక్కవాడు జరుగుతాడు, అతని ఖాళీలోకి ఇంకొకడు. గట్టి పదార్థంలో పరమాణువులూ అంతే, ఖాళీ ఉంటేనే కదులుతాయి. బాగా వేడిచేస్తే కొన్ని ఖాళీలు వాటంతట అవే ఏర్పడతాయి. రేడియేషన్ అయితే బయటినుంచి వచ్చి మనుషుల్ని సీట్లలోంచి తన్ని లేపినట్టు చేస్తుంది. అప్పుడు చల్లని రాతిలో కూడా పరమాణువులు చోటు మారతాయి. ఎంత మారతాయన్నదే నేను కొలవాలి.

ఖాజామియా, మరి లేచినవాళ్లు ఎక్కడ కూర్చుంటారని అడిగాడు. సీట్ల మధ్య ఇరుక్కుంటారన్నాను. అందుకే రాయి కాస్త ఉబ్బుతుంది కూడా. బస్సు అలాగే ఉబ్బి ఉందని అతను తల ఊపాడు.

దేవరకొండలో మా బస ప్రయాణికుల ముసాఫిర్ బంగ్లాలో. కిటికీలోంచి కొండమీద పాతకోట గోడలు కనిపిస్తాయి. వాటిని చూసే తీరిక ఆ సాయంత్రం దొరకలేదు. ఇద్దరం పెట్టె విప్పి, ఒక్కో చీమనూ ఈకతో తీస్తూ, తీగలను స్పిరిటుతో తుడుస్తూ కూర్చున్నాము. చివరికి మీట నొక్కితే పెట్టె మామూలుగానే టక్కుమంది.

బండ దగ్గర ఈదయ్య

మూడోరోజు పొద్దున్నే క్వారీకి చేరాము. నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా డ్యాం లేస్తున్న రోజులవి. ఈ క్వారీ రాయి అక్కడ క్వార్టర్ల పునాదులకూ, మెట్లకూ పోతుంది. గుడిసెలు ఇరవై దాకా ఉన్నాయి. మొగవాళ్లు బండలు చీలుస్తారు, ఆడవాళ్లు కంకర కొడతారు.

వాళ్లలో పెద్దపనివాడు ఈదయ్య. నలభై ఏళ్లుంటాయి, బక్కపలచని మనిషి, ఎడమచేతి వాటం. బండ చుట్టూ ఒకసారి తిరిగి, సుత్తితో నాలుగుచోట్ల తట్టి, చెవి దగ్గరగా పెట్టి విని, గీత గీస్తాడు. ఆ గీత వెంట గుంటలు తీసి, ఇనుప చీలలు వరసగా దింపి, ఒక్కోదాన్నీ ఒక్కో దెబ్బ కొడుతూ పోతాడు. కాసేపు ఏమీ జరగదు. అతను చెయ్యి ఆపి నిలబడతాడు. అప్పుడు బండ తనంతట తాను, చిన్న చప్పుడుతో, గీసిన చోటే రెండవుతుంది. అంత పెద్ద రాయి అంత నెమ్మదిగా విడిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

నాకు కావలసింది చెప్పగానే అతను గుర్తుపట్టాడు. దాన్ని మేము నల్లకన్ను అంటామని, పక్కన పడేసిన రాళ్ల దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. గులాబిరంగు రాతిలో కందిగింజంత నల్లని మచ్చ. మచ్చ చుట్టూ ఇటుకరంగు వలయం. అక్కడినుంచి అన్నివైపులకూ సన్నని చీలికలు, పిల్లలు గీసే సూర్యుడి బొమ్మలోలాగా. లోపలి గింజ దెబ్బలు తిని తిని ఉబ్బింది. ఆ ఒత్తిడికి చుట్టూ ఉన్న రాయి బీటలిచ్చింది. పుస్తకంలో ఒక బొమ్మగా మాత్రమే చూసినదాన్ని అక్కడ చేత్తో తడిమాను.

"గిది ఉన్న బండ మోగదు, పంతులమ్మా," అన్నాడు ఈదయ్య. "బొంగురుగ పలుకుతది. అందుకే పక్కన పెడ్త. బరువు పడితె గా గీతల వెంట పోతది."

అతను అయిదారు ముక్కలు తెచ్చిచ్చాడు గాని అన్నిట్లోనూ చీలిక సరిగ్గా కన్ను మధ్యనుంచే పోయింది. గింజ రాలిపోయి గుంట మిగిలింది. చీలే రాయి ఆ బీటనే వెతుక్కుంటుంది మరి. పూర్తి కన్ను ఒక్కటీ దొరకలేదు.

నేను పెట్టె తెరిచి, రాలిన గింజల దగ్గర గొట్టం పెట్టాను. టక్ టక్ టక్ అని వేగం పెరిగింది. పని ఆపి అందరూ చుట్టూ చేరారు. ఏమిటా చప్పుడని ఈదయ్య భార్య మల్లమ్మ అడిగింది. నేను ఉత్సాహంలో ఉన్నాను. ఈ రాయిలో అణుశక్తి ఉందన్నాను. అణుబాంబులో ఉండేదేనా అని వెనకనుంచి ఎవరో అడిగారు. ఆ జాతిదే అన్నాను. అబద్ధం కాదు. కాని చెప్పవలసిన తీరు అది కాదని ఆ క్షణంలో నాకు తోచలేదు. నా గింజలు పొట్లం కట్టుకుని సంతోషంగా బంగ్లాకు వచ్చేశాను.

నోటికాడి కూడు

నాలుగోరోజు పొద్దున నేను ఇంకా ఛాయ్ తాగుతుండగా ఈదయ్య బంగ్లా మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. జరిగింది నెమ్మదిగా చెప్పాడు. నేను వెళ్లిన తర్వాత ఆడవాళ్లు కంకర ముట్టుకోలేదు. వాళ్లలో ఇద్దరైతే తమ పిల్లలను తీసుకుని తల్లిగారిళ్లకు వెళ్లిపోయారు. కంట్రాక్టరు మనిషి వచ్చి, ఈ రాయిలో విషం ఉందని తెలిస్తే నందికొండలో ఎవరూ దించుకోరని, అక్కడి ఇంజినీరు సరే అనేదాకా లారీలు రావని, వేరే క్వారీకి పని మళ్లిస్తామని చెప్పి వెళ్లాడు.

"నువ్వు చదువుకున్నదానివి. ఉన్నదే చెప్పినవేమో," అన్నాడు. "గాని మా నోటికాడి కూడు పోయింది. గా రాయి మంచిదో చెడ్డదో నువ్వే వచ్చి చెప్పాలె."

గొంతులో కోపం లేదు. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు. పరమాణువు ఎంత దూరం జరుగుతుందో లెక్కలు కడుతూ, నా నోటిమాట ఎంత దూరం పోతుందో చూసుకోలేదు. ఖాజామియా పెట్టె భుజానికెత్తుకున్నాడు.

క్వారీలో సుత్తి చప్పుడు లేదు. గుడిసెల ముందు అందరూ కూర్చుని ఉన్నారు. నేను ఉపన్యాసం మొదలుపెట్టాను: రేడియేషన్ అన్నిచోట్లా కొద్దో గొప్పో ఉంటుందని, బాంబు వేరని, ఇది వేరని. ముఖాల్లో ఏ మార్పూ లేదు. మల్లమ్మ మధ్యలో ఆపి, నిన్న ఒకటి చెప్పినవు, ఇయ్యాల ఒకటి చెప్తున్నవు అంది. ఇక నోరు మూసుకుని పెట్టె తెరిచాను.

వాళ్లనే చూపించమన్నాను, ఏది కొలవాలంటే అది. మట్టిగోడ దగ్గర పెట్టాము: టక్. కుంట గట్టు మీద: టక్. ఎవరూ ముట్టని పెద్దబండ మీద కొంచెం ఎక్కువ. కొట్టిన కంకర మీదా అంతే. నల్లకన్ను గుంట దగ్గర వేగం పెరిగింది. జానెడు దూరం జరిపితే తగ్గిపోయింది. ఆ దూరాన్ని ఒక ముసలాయన తనంతట తానే జానతో కొలిచి చూసుకున్నాడు. ఖాజామియా గొట్టం అందుకోవడానికి చెయ్యి చాచాడు. పెట్టె ఒక్కసారిగా పోపులో ఆవాలు చిటపటలాడినట్టు మోగింది.

అందరికంటే ముందు అదిరిపోయింది ఖాజామియానే. మోగించింది అతని చేతి గడియారం. చీకట్లో అంకెలు మెరిసే రకం, పటాలంలో పనిచేసిన తమ్ముడు ఇచ్చింది. ఆ అంకెలకు రేడియం పూత ఉంటుంది. నల్లకన్ను కంటే చాలా ఎక్కువ మోగింది.

"పన్నెండేండ్ల నుంచి కట్టుకుంటున్న, అమ్మా," అన్నాడు నాతో, నెమ్మదిగా.

అద్దం పగలగొట్టి ఆ పూతను గోకనంత వరకు ఫికర్ లేదన్నాను. కాని అతను గడియారం విప్పి జేబులో పెట్టుకోవడం చూసి మల్లమ్మ నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. ఆయన చెయ్యి బాగానే ఉంది కదా అని ఎవరో అన్నారు. అప్పటికి గాలి తేలికపడింది.

మల్లమ్మ ఇసుర్రాయి

మల్లమ్మ రొట్టెలు చేస్తానని లోపలికి పిలిచింది. ఆమె పెట్టింది తింటే తప్ప నామీద నమ్మకం పూర్తిగా కుదరదని నాకూ తెలుసు. గుడిసెలో ఒక మూల ఇసుర్రాయి ఉంది, మేము తిరగలి అనేది. పెళ్లయిన కొత్తలో ఈదయ్య కొట్టిచ్చిన మొదటి రాయి అదేనట. అప్పుడింకా అతనికి పని పూర్తిగా రాదని, అయినా ఇన్నేళ్లుగా అరగకుండా ఉందని ఆమె మురిసిపోతూ చెప్పింది. జొన్నలు పోయడానికి పైరాయి ఎత్తింది. కిందిరాతి అంచు దగ్గర, ఏళ్ల తరబడి ఇసిరి ఇసిరి అద్దంలా నున్నబడినచోట, ఒక నల్లకన్ను ఉంది. గింజ నిండుగా ఉంది. చుట్టూ ఇటుకరంగు వలయం చెదరలేదు. వెంట్రుకల్లాంటి చీలికలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. నేను వెతుక్కుంటూ వచ్చింది అదే. ప్రయోగశాలలో నెల రోజులు రుద్దినా అంత నునుపు రాదు.

నాకు రెండు ఆలోచనలు ఒకేసారి వచ్చాయి. మొదటిది, ఈ రాయి నాకు కావాలి. రెండోది, ఈ రాయి మీద పిండి ఇసురుతున్నారు. ఇసిరినప్పుడల్లా రాయి ఎంతోకొంత అరుగుతుంది, ఆ గింజ పొడి కూడా ఎంతోకొంత రొట్టెలోకి పోతుంది. చాలా చాలా కొద్దిగా. ఇప్పుడే అందరినీ ఒప్పించి, నవ్వించి వచ్చాను. ఇది చెబితే మళ్లీ మొదటికొస్తుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఖాజామియా నా ముఖమే చూస్తున్నాడు.

చెప్పాను. ఆ కొద్దిదానివల్ల ఏమైనా అవుతుందో కాదో నాకు నిజంగా తెలియదని, అవకపోవచ్చునని, కాని మా ఇంట్లో అయితే ఈ రాయి మీద పిండి ఇసరనని చెప్పాను. కూర్చోవడానికి, బట్టలుతకడానికి, ఇంటి పునాదికి ఏ భయమూ లేదన్నాను.

మల్లమ్మ చేతిలోని జొన్నలను తిరిగి చాటలో పోసేసింది.

"దాచిపెట్టేదానివైతె గిది చెప్పకపోతుంటివి," అంది. "గట్లయితె బయట చెప్పింది గూడ నిజమే."

లేచి వెళ్లి గడపలో నిలబడి, బయట కూర్చున్నవాళ్లకు ఆ మాటే తన మాటల్లో చెప్పింది. నేను చేసిన ఉపన్యాసం కంటే అది పొట్టిగా ఉంది, అందరికీ అర్థమైంది. ఆడవాళ్లు వాళ్ల ఇసుర్రాళ్లు తెచ్చి కొలిపించుకున్నారు. ఇంకెవరి దాంట్లోనూ కన్ను లేదు. పక్కింటి నుంచి పిండి వచ్చింది. రొట్టెలు అయ్యాయి. జొన్నరొట్టె, పచ్చిపులుసు, నూనెలో వేయించిన ఎండుమిరపకాయ. నీళ్లలో పిసికిన చింతపండు, ఉల్లిపాయ, అంతే పచ్చిపులుసు. పొయ్యి మీద పెట్టనే పెట్టరు. మా ఇంట్లో పులుసంటే మరిగి మరిగి చిక్కబడాలి. ఇది పలచగా, చల్లగా గొంతు దిగింది.

తిన్న తర్వాత ఆ రాయి ఇస్తారా అని అడగడానికి నాకు నోరు రాలేదు. మల్లమ్మే అడిగింది, నువ్వు వచ్చింది దీని కోసమేనా అని. అవునన్నాను. తీసుకుపో అంది, ఈయన ఇంకొకటి కొడతాడు, ఇప్పుడు పని వచ్చు కదా.

మొత్తం రాయి మోయలేము. కన్ను ఉన్న అంచు మాత్రం విడదీయాలి, బీట కన్నులోకి పోకుండా. ఈదయ్య దాన్ని బయటికి తెచ్చి ఇసుక మీద బోర్లించాడు. అరచేత్తో అంతా తడిమాడు. తట్టాడు, విన్నాడు, ఇంకోవైపు తిప్పి మళ్లీ విన్నాడు. చీలలు వద్దని సన్నఉలి అడిగాడు. ఆ రాయి తాను భార్యకు చేసిన మొదటి వస్తువు. ఉలి ఆన్చి కాసేపు కొట్టలేదు. కన్ను పోతే ఫరవాలేదని నేను అన్నాను. ఫరవాలేదన్నది నిజం కాదని అతనికీ తెలుసు.

ఎడమచేత్తో చిన్న దెబ్బ. జరిగి ఇంకొకటి. అర్ధచంద్రాకారంగా అలా పదిహేను ఇరవై దెబ్బలు, అన్నీ ఒకే బరువుతో. ఆ తర్వాత సుత్తి పక్కన పెట్టి, రెండు బొటనవేళ్లతో అంచును నొక్కాడు. ముక్క ఊడి అతని చేతిలోకి వచ్చింది. కన్ను చెక్కుచెదరలేదు. నేను రెండు చేతులూ చాపి అందుకున్నాను.

నందికొండ

అయిదోరోజు నందికొండకు, అప్పటికే రాయి నింపి ఆగిపోయిన క్వారీ లారీలోనే వెళ్లాము. రాయి సంగతి ఇంజినీరుకు నేనే చెప్పాలి. తామూ వస్తామని ఈదయ్య, మల్లమ్మ బయలుదేరారు. నాలుగేళ్లుగా రాయి పంపుతున్నారు గాని అది ఎక్కడికి పోతుందో వాళ్లు చూడలేదు.

ఆ చోటు గురించి విన్నవాళ్లకు కూడా చూసినప్పుడు మాట పడిపోతుంది. రెండు కొండల మధ్య నదికి అడ్డంగా రాతిగోడ. దానిమీద మనుషులు చీమలబారులా. తట్టలు, కావళ్లు, సున్నం వాసన, ఎక్కడెక్కడి భాషలో. యంత్రాలు లేకపోలేదు, కాని ఆ గోడ చేతులమీదే లేస్తోందని చూస్తేనే తెలుస్తుంది.

ఇంజినీరు పని తొందరలో ఉన్న మనిషి. నేను చెప్పింది విని, కౌంటరు తన క్వార్టరు గోడ దగ్గరా, మా లారీ రాయి దగ్గరా పెట్టించుకుని చూశాడు. తేడా దాదాపు లేదు. ఇదే విషయం కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. నా జీవితంలో నేను రాసిన మొదటి శాస్త్రీయ నివేదిక అదే, ఎనిమిది వాక్యాలు. అతను అక్కడికక్కడే లారీ దించమని చెప్పి, ఈదయ్యను చూసి, కన్ను ఉన్న రాళ్లు ఎలా ఏరుతావని అడిగాడు. ఈదయ్య చెవి చూపించాడు.

బయటికి వచ్చాక క్వార్టర్ల మధ్య మెట్లదారి మీద నడుస్తున్నాము. ఈదయ్య వెనకబడిపోయాడు. చూస్తే ఒక మెట్టు దగ్గర వంగి చేత్తో రాస్తున్నాడు. అందరి ఉలిగాట్లు ఒకవైపు వాలితే, ఆ మెట్టు మీదివి రెండోవైపు వాలి ఉన్నాయి. ఎడమచేతివి. ఆ పైమెట్టూ అంతే. ఆ పైదీ. అతను మెట్టు పక్కన మట్టిలో కూర్చున్నాడు, మెట్టు మీద కూర్చోలేదు. కింద కృష్ణ కనిపిస్తోంది. కూలీల పిల్లలిద్దరు ఆ మెట్ల మీదుగా పరుగెత్తుకుంటూ దిగిపోయారు.

"గిట్ల పెట్టిన్రా," అన్నాడు.

మల్లమ్మ చెప్పులు విప్పి ఒక్కో మెట్టూ ఎక్కింది. పైదాకా వెళ్లి అక్కడినుంచి అతనివైపు చూసింది. వాళ్లను అక్కడే వదిలి నేను, ఖాజామియా హైదరాబాదు బస్సెక్కాము.

తిరిగి వచ్చాక

ఆ ముక్కలోంచి కాగితమంత పలుచని పొర కోయించి, సూక్ష్మదర్శిని కింద పెట్టాము. గింజ లోపల పరమాణువుల వరస పూర్తిగా చెదిరి గాజులా అయిపోయింది. దాని దెబ్బ నేరుగా చేరగల దూరం చాలా తక్కువ, వెంట్రుక మందం కూడా ఉండదు. ఆ కొద్దిమేరలో పరమాణువులు ఆరోగ్యంగా ఉన్న రాతిలో కంటే చాలా ముందుకు జరిగిపోయాయి. ప్రయోగశాలలో మేము చేసిన ముక్కలూ అదే దారి చూపించాయి: రేడియేషన్ తగిలినవాటిలో కదలిక ఎక్కువ. మిగిలిన రాయిని రెండు చేసి, ఒక సగాన్ని రోజుల తరబడి, మహబూబ్‌నగర్ అవ్వ చెప్పినంత నిమ్మళంగా వేడిచేశాము. చెదిరిన వరస చాలావరకు కుదురుకుంది, కదలిక తగ్గింది. చుట్టూ పడిన బీటలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

మొన్న ఈ ఫలితాలతో వ్యాసం రాసి ఆచార్యులవారికి ఇచ్చాను. చివర కృతజ్ఞతల దగ్గర ఈదయ్య, మల్లమ్మ అని రెండు పేర్లు రాశాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, వీళ్లది ఏ విశ్వవిద్యాలయం అని అడిగారు. కూర్చుని జరిగినదంతా చెప్పాను, నా తొందరమాటతో సహా. ఆయన కలం తీసుకున్నారు. కొట్టేస్తారనుకున్నాను. రెండు పేర్లనూ తారుమారు చేసి, మల్లమ్మ పేరు ముందు పెట్టారు.

"రాయి ఆవిడదే కదా," అన్నారు.